పందొమ్మిది సంవత్సరాల నిరీక్షణ
ఇండియానా జోన్స్ చిత్రాల నడుమ విరామాలు – వాటి కారణాలు

పూర్వం అమెరికా దేశంలో, 1930, 1940 దశకాలలో, శనివారం పగటి ఆటకు వచ్చే బాలబాలికల కొరకు 'సీరియల్' అనబడే ఒక విధమైన సినిమాలు ప్రదర్శింపబడేవి. ఒక కథను 12 లేక 15 భాగాలుగా విభజించి, వారానికొక భాగం చొప్పున చూపేవారు. కథానాయకుడు కొండకొనన వ్రేలాడుతున్నప్పుడో, మండుతున్న ఇంటిలో చిక్కుకొన్నప్పుడో ఆ వారపు భాగం ముగిసేది. అతడు ఎట్లు బయటపడినాడో తెలియవలెనంటే మరల శనివారం దాకా ఆగవలసినదే. 'చందమామ' ధారావాహికల కొరకు నెల నెలా ఎదురుచూచిన మన పెద్దలకు ఆ ఆత్రుత ఎటువంటిదో చెప్పనవసరం లేదు. ఉర్దూ సోదరులు 'ఇంతిజార్' అన్నా, మనం 'నిరీక్షణ' అన్నా, ఆ అనుభవం ఒక్కటే.

ఆ వారపు సీరియళ్ళపై గల మమకారంతోనే పుట్టిన ఒక చిత్రమాల తుదకు తన ప్రేక్షకులను ఏడు దినాలు కాదు, పందొమ్మిది సంవత్సరాలు నిరీక్షింపజేసినదంటే వింతగా తోచును. అదే ఇండియానా జోన్స్ చిత్రమాల. దీనిలో మొత్తం 5 చిత్రాలు వెలువడినవి. 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' 1981లోను, 'టెంపుల్ ఆఫ్ డూమ్' 1984లోను, 'ది లాస్ట్ క్రుసేడ్' 1989లోను, 'కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్' 2008లోను, 'ది డయల్ ఆఫ్ డెస్టినీ' 2023లోను విడుదలైనవి. మొదటి మూడు చిత్రాలకు ఎనిమిది సంవత్సరాలు పట్టగా, తరువాతి రెండింటికి ముప్పదినాలుగు సంవత్సరాలు పట్టినది. ధనానికి కొరత లేదు. ప్రేక్షకాదరణకు లోటు లేదు. నటుడు, దర్శకుడు, నిర్మాత ముగ్గురూ జీవించియే ఉన్నారు. అయినను ఇంత విలంబం ఎందుకు జరిగినది? ఆ విలంబానికి చెల్లించిన మూల్యం ఎంత? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశం.

మొదటి మూడు చిత్రాలు

1977 మే నెలలో జార్జి లూకాస్ తన 'స్టార్ వార్స్' చిత్రం విడుదలైన రోజులలో హవాయి ద్వీపాలకు వెళ్ళినాడు. అచట మిత్రుడైన స్టీవెన్ స్పీల్‌బర్గ్‌తో జరిగిన సంభాషణలో ఈ చిత్రమాలకు బీజం పడినది. స్పీల్‌బర్గ్‌కు జేమ్స్ బాండ్ చిత్రమొకటి తీయవలెనని కోరిక. అంతకంటె మేలైన ఊహ తనవద్ద ఉన్నదని చెప్పి, లూకాస్ పురావస్తు శాస్త్రవేత్తయైన ఒక సాహసికుని కథను వినిపించినాడు. లూకాస్ కథకుడు, నిర్మాత, స్పీల్‌బర్గ్ దర్శకుడు. కథానాయక పాత్రకు మొదట టామ్ సెలెక్‌ను అనుకొన్నారు గాని, అతడు ఒక టెలివిజన్ ధారావాహికకు ఒప్పుకొని ఉన్నందున ఆ పాత్ర హారిసన్ ఫోర్డ్‌కు లభించినది. తలపై టోపీ, చేత కొరడా ధరించి, నిబంధన మందసాన్ని నాజీల కంటె ముందుగా చేజిక్కించుకొన యత్నించే ఆచార్యుని కథ ప్రపంచమంతటా జయప్రదమైనది. సుమారు 2 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మితమైన ఆ చిత్రం ఎన్నో రెట్లు ఆర్జించినది.

రెండవ చిత్రం మూడేండ్లకే వచ్చినది. ఇది మన దేశానికి సంబంధించినది. కథ 1935లో, ఉత్తర భారతంలోని ఒక కల్పిత సంస్థానంలో జరుగుతుంది. కాని చిత్రానువాదంలోని అంశాలపై భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపినందున చిత్రీకరణ ఇక్కడ జరుగలేదు. శ్రీలంకలోని కాండీ ప్రాంతంలోను, ఇంగ్లండులోని స్టూడియోలోను ఆ 'భారతదేశాన్ని' కల్పించుకొన్నారు. విందులో పాములను, కోతి మెదడును వడ్డించినట్లు చూపిన దృశ్యాలు మనవారికి ఏవగింపు కలిగించుట సహజమే. ఆ చిత్రంలోని క్రూర పూజారి మోలారామ్ పాత్ర ధరించినవాడు అమ్రీష్ పురి. ఆ తరువాత 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికునిగా ఆయన తెలుగు ప్రేక్షకులకు మరింత సుపరిచితుడైనాడు.

మూడవ చిత్రానికి ఐదేండ్లు పట్టినది. కథ కుదురుట కష్టమైనది. లూకాస్ సూచించిన దయ్యాల కోట కథ స్పీల్‌బర్గ్‌కు నచ్చలేదు. ఆఫ్రికా నేపథ్యంతో వ్రాయించిన మరొక చిత్రానువాదం కూడ ప్రక్కన పెట్టవలసి వచ్చినది. చివరకు తండ్రీకొడుకుల కథయే నిలిచినది. మూడు చిత్రాలు తీయుదునని లూకాస్‌కు మాట ఇచ్చి ఉన్నందున, తాను కొంతకాలం శ్రమించిన 'రెయిన్ మ్యాన్' చిత్రాన్ని స్పీల్‌బర్గ్ వేరొక దర్శకునికి వదలివేసినాడు. ఆ చిత్రం తరువాత ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతిని పొందినది. ఈ సంగతి మనం మరువరాదు. మొదటి మూడు చిత్రాలు త్వరగా వచ్చుటకు ప్రతిభ ఎంత కారణమో, ఇచ్చిన మాట కూడ అంత కారణం. మూడవ చిత్రంతో ఆ మాట చెల్లిపోయినది. నాల్గవ చిత్రానికి అటువంటి కట్టుబాటు ఏదియు లేదు.

ముగిసిన కథకు తొందర లేదు

తరువాయి చిత్రాలు రెండు విధాలు. ఒకే కథను రెండుగా ఖండించి చెప్పునవి మొదటి విధం. 2015లో వచ్చిన 'బాహుబలి' ఒక ప్రశ్నతో ముగిసినది. 2017లో వచ్చిన రెండవ భాగం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పినది. ఇట్టి చిత్రాలలో నిర్మాత ప్రేక్షకునికి ఋణపడి ఉంటాడు. ఎంత శీఘ్రంగా ఆ ఋణం తీర్చిన అంత మంచిది. నాయకుడొక్కడే, సాహసాలు మాత్రం వేరువేరుగా ఉండునవి రెండవ విధం. ఇండియానా జోన్స్ చిత్రాలు ఈ కోవకు చెందినవి. మందసం దొరికినది, పోయినది, కథ ముగిసినది. ప్రేక్షకుడు ఏ ప్రశ్నతోను ఇంటికి పోడు.

పైగా, మూడవ చిత్రం చివర కథానాయకుడు, అతని తండ్రి, మిత్రులు గుర్రాలపై అస్తమిస్తున్న సూర్యుని వైపు సాగిపోయినారు. అంతకంటె చక్కని ముగింపు ఉండబోదని అందరూ తలచినారు. వారపు సీరియల్‌ను నడిపించినది అసంపూర్ణత. ఈ చిత్రమాలను ఆపివేసినది సంపూర్ణత. విలంబానికి ఇది మొదటి కారణం.

ముగ్గురి సమ్మతి

రెండవ కారణం మరింత ముఖ్యమైనది. నాల్గవ చిత్రం తీయవలెనంటే లూకాస్, స్పీల్‌బర్గ్, ఫోర్డ్ ముగ్గురూ ఆ కథకు అంగీకరింపవలెను. ముగ్గురిలో ఏ ఒక్కరికి నచ్చకున్నను చిత్రం లేదు. ముగ్గురూ ఎవరి రంగంలో వారు అగ్రగణ్యులు. ఎవరికీ ఈ చిత్రంపై ఆధారపడవలసిన అవసరం లేదు.

1990 దశకపు ఆరంభంలో లూకాస్ తన నాయకుని బాల్య యౌవనాలను టెలివిజన్‌లో 'యంగ్ ఇండియానా జోన్స్ క్రానికల్స్' పేరిట చూపినాడు. 1993లో ప్రసారమైన ఒక భాగంలో ఏబదేండ్ల నాయకునిగా ఫోర్డ్ కొద్దిసేపు కనిపించినాడు. నాయకుని వయస్సు పెరిగినట్లే చూపి, కథను 1950 దశకంలో నడుపవచ్చునని లూకాస్‌కు అప్పుడు తోచినది. 1930 దశకపు సీరియళ్ళను అనుసరించి మొదటి చిత్రాలు తీసినట్లు, 1950 దశకంలో అమెరికాలో బహుళంగా వచ్చిన గ్రహాంతరవాసుల చిత్రాలను అనుసరించి నాల్గవది తీయవలెనని ఆయన ఊహ. ఆ ఊహ తార్కికమైనదే. కాని 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్', 'ఇ.టి.' వంటి చిత్రాలతో గ్రహాంతరవాసుల కథలు చెప్పి తృప్తి చెందిన స్పీల్‌బర్గ్‌కు మరల అదే వస్తువు రుచింపలేదు. ఫోర్డ్ కూడ సుముఖుడు కాలేదు. ఇంతలో 1996లో 'ఇండిపెండెన్స్ డే' అను చిత్రం అదే వస్తువుతో వచ్చి విజయం పొందినది. ఇక మరొక గ్రహాంతర దండయాత్ర అనవసరమని స్పీల్‌బర్గ్ తేల్చినాడు.

అప్పటికి స్పీల్‌బర్గ్ కూడ మారినాడు. 1993లో ఆయన 'షిండ్లర్స్ లిస్ట్' తీసినాడు. నాజీల చేతిలో లక్షలాది యూదులు అనుభవించిన హింసను తెరపై నిలిపిన తరువాత, అవే నాజీలను వినోద కథలో తరిమికొట్టే ప్రతినాయకులుగా చూపుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. కళాకారుడు కాలంతో పాటు ఎదుగును. తాను యౌవనంలో తేలికగా చేసిన పనిని తిరిగి చేయలేకపోవును. ఇది దోషం కాదు, కాని విలంబానికి ఇదియు ఒక హేతువు.

2000 సంవత్సరంలో ఫోర్డ్‌కు అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు జీవితకాల పురస్కారం ఇచ్చిన సందర్భంలో మిత్రులందరూ కలిసినారు; పాత కోరిక మరల చిగురించినది. భారత సంతతికి చెందిన ఎం. నైట్ శ్యామలన్‌ను రచన కొరకు సంప్రదించినారు గాని, అది కార్యరూపం దాల్చలేదు. 2002లో ఫ్రాంక్ డారబాంట్‌కు ఆ పని అప్పగించినారు. ఆయన వ్రాసిన కథ స్పీల్‌బర్గ్‌కు ఎంతో నచ్చినది; లూకాస్‌కు నచ్చలేదు. ముగ్గురి సమ్మతి అను నియమం ప్రకారం ఆ శ్రమ యావత్తు వ్యర్థమైనది. ఆ తరువాత జెఫ్ నాథన్‌సన్, అటుపిమ్మట డేవిడ్ కెప్ వ్రాసినారు. ఈ మధ్య కాలంలో లూకాస్ 1999 నుండి 2005 వరకు 'స్టార్ వార్స్' కొత్త చిత్రాలలో మునిగి ఉన్నాడు. స్పీల్‌బర్గ్ తీరిక లేకుండ చిత్రాలు తీస్తూనే ఉన్నాడు. తుదకు 2007లో చిత్రీకరణ జరిగి, 2008 మే 22న నాల్గవ చిత్రం విడుదలైనది. అందులో మరుగుపరచిన రూపంలో లూకాస్ ఊహయే నిలిచినది. ఆ ప్రాణులు వేరొక గ్రహం నుండి గాక వేరొక లోకం నుండి వచ్చినవని చెప్పి మిత్రుని ఒప్పించినాడు.

ఇచట గమనింపవలసిన దేమనగా, ముగ్గురూ అంగీకరించుట వేరు, ముగ్గురికీ నచ్చుట వేరు. అభ్యంతరం చెప్పు హక్కు ప్రతివారికి ఉన్నచోట చెడ్డ కథ తోసివేయబడవచ్చు. కాని మంచి కథ కూడ తోసివేయబడవచ్చు. చివరకు అందరూ అలసిపోయినప్పుడు మిగిలిన కథయే ఆమోదం పొందవచ్చు.

పెరిగే వయస్సు, జరిగే కథాకాలం

మూడవ కారణం ఆ నటునికీ పాత్రకూ గల విడదీయరాని బంధం. జేమ్స్ బాండ్ చిత్రాలను చూడండి. 1962 నుండి 2021 వరకు ఆ అధికారిక చిత్రమాలలో 25 చిత్రాలు వచ్చినవి. ఆరుగురు నటులు ఆ పాత్రను ధరించినారు. నటుడు వృద్ధుడైనప్పుడు అతని స్థానంలో మరొకడు వచ్చును; బాండ్ మాత్రం వృద్ధుడు కాడు. ఆ పాత్ర ఒక పదవి వంటిది. ఇండియానా జోన్స్ అట్లు కాదు. నాయకుని బాల్యాన్ని వేరే నటులు ధరించినారు గాని, వెండితెరపై ప్రౌఢ నాయకుడు హారిసన్ ఫోర్డ్ ఒక్కడే. కాబట్టి ఆయన శరీరమే ఈ చిత్రమాలకు గడియారమైనది.

ఈ లెక్కను విద్యార్థులు స్వయంగా వేసి చూడవచ్చు. మొదటి చిత్రం కథ 1936లోను, రెండవది 1935లోను, మూడవది 1938లోను జరుగుతుంది. విడుదలల నడుమ ఎనిమిదేండ్లు గడచినను, కథలో రెండు మూడేండ్లు మాత్రమే గడచినవి. పైగా రెండవ కథ మొదటిదానికంటె వెనుకకు పోయినది. అనగా అప్పుడు కథకునికి కాలంపై అధికారం ఉండినది. ఇక నాల్గవ చిత్రం కథ 1957లో జరుగుతుంది. 1938 నుండి 1957కు పందొమ్మిది సంవత్సరాలు. 1989 నుండి 2008కి కూడ సరిగా పందొమ్మిది సంవత్సరాలే! నటుడు పోగొట్టుకొన్న ప్రతి సంవత్సరాన్ని పాత్ర కూడ పోగొట్టుకొనవలసి వచ్చినది. ఐదవ చిత్రంలో కథ 1969కి చేరినది. మానవుడు చంద్రునిపై కాలుమోపిన సంవత్సరమది.

కథాకాలం మారిన కొలది కథా ప్రపంచమే మారిపోయినది. 1930 దశకంలో ప్రపంచపటం మీద ఇంకను అజ్ఞాత ప్రదేశాలు ఉన్నట్లు భావింపవచ్చు. ఒంటరి సాహసికునికి అందులో చోటున్నది. 1957లో అణ్వస్త్రాలు, గూఢచారులు వచ్చినారు. 1969లో మానవుని చూపు ఆకాశం వైపు మళ్ళినది. భూగర్భంలోని పురావస్తువులను వెదకు ఆచార్యుడు తన తరగతి గదిలోనే పరాయివాడైనాడు. ఐదవ చిత్రం ఈ విషాదాన్ని దాచలేదు. వెదకవలసిన వస్తువుగా ఆర్కిమిడీస్ పేరిట ఒక కాలయంత్రాన్ని కల్పించినారు. 1901లో గ్రీసు సముద్రంలో మునిగిన ఓడ నుండి వెలికితీసిన 'ఆంటికిథీరా' యంత్రం ఆ కల్పనకు ఆధారం. కాలాన్ని వెనుకకు త్రిప్పు యంత్రం కొరకు వృద్ధ నాయకుడు వెదకుట ఈ చిత్రమాల చరిత్రకే తగిన వస్తువు.

యజమాని మారినప్పుడు

నాల్గవ, ఐదవ చిత్రాల నడుమ పదునైదు సంవత్సరాల విరామానికి కారణాలు వేరు. లూకాస్‌ఫిల్మ్ సంస్థను వాల్ట్ డిస్నీ సంస్థ కొనుచున్నట్లు 2012 అక్టోబరు 30న ప్రకటింపబడినది. మూల్యం 405 కోట్ల డాలర్లు. కాని మొదటి నాలుగు చిత్రాలను పంపిణీ చేసినది పారమౌంట్ సంస్థ. చిత్రాన్ని నిర్మించు హక్కు ఒకరిది, పంపిణీ చేయు హక్కు మరొకరిది అయినప్పుడు ఇరువురి నడుమ ఒడంబడిక లేనిదే పని ముందుకు సాగదు. భవిష్యత్ చిత్రాల పంపిణీ హక్కులు 2013 డిసెంబరులో డిస్నీకి సంక్రమించినవి. అయినను కొత్త యజమానికి 'స్టార్ వార్స్' మొదటి లక్ష్యమైనది.

2016 మార్చిలో ఐదవ చిత్రాన్ని ప్రకటించి, 2019 జులై 19న విడుదల చేయుదుమన్నారు. తరువాత ఆ తేదీని 2020 జులైకి, పిమ్మట 2021 జులైకి, మరల 2022 జులైకి, చివరకు 2023 జూన్ 30కి మార్చినారు. రచయితలు మారినారు. 2020 ఫిబ్రవరిలో స్పీల్‌బర్గ్ దర్శకత్వం నుండి తప్పుకొని, నిర్మాణ బాధ్యతలో మాత్రం ఉండిపోయినాడు; జేమ్స్ మాంగోల్డ్ ఆ స్థానంలోకి వచ్చినాడు. అంతలో కోవిడ్ మహమ్మారి ప్రపంచమంతటా సినిమాశాలలను మూయించినది. 2021 జూన్‌లో చిత్రీకరణ మొదలైన కొద్ది రోజులకే పోరాట దృశ్యాభ్యాసంలో ఫోర్డ్ భుజానికి గాయమై పని కొంతకాలం ఆగినది. రెండవ చిత్ర సమయంలో కూడ ఆయన వెన్నుకు గాయమై శస్త్రచికిత్స జరిగినది. అయితే అప్పుడు ఆయన వయస్సు నలుబది, ఇప్పుడు డెబ్బదియెనిమిది.

విలంబానికి చెల్లించిన మూల్యం

విలంబం ఊరక పోదు. దాని మూల్యం ఎవరో ఒకరు చెల్లింపవలెను. మొదటి మూల్యం మనుష్యులు. మార్కస్ బ్రోడీగా అందరి ఆదరం పొందిన డెన్‌హోమ్ ఇలియట్ 1992లోనే మరణించినాడు. నాల్గవ చిత్రంలో ఆయనకు ఒక విగ్రహ రూపంలో చోటు దొరికినది. తండ్రి పాత్రధారి షాన్ కానరీ నాల్గవ చిత్రం నాటికి నటన నుండి విరమించినాడు; 2020లో దివంగతుడైనాడు. మొదటి మూడు చిత్రాల ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ మూడవ చిత్రంతో పని చాలించినాడు. నాల్గవ చిత్రానికి యానుష్ కమిన్‌స్కీ ఆ పాత చిత్రాలలోని వెలుగునీడలను అధ్యయనం చేసి అనుసరింపవలసి వచ్చినది. ఐదు చిత్రాలకూ సంగీతం సమకూర్చినవాడు మాత్రం జాన్ విలియమ్స్ ఒక్కడే. ఐదవది విడుదలైననాడు ఆయన వయస్సు తొంబదియొకటి.

రెండవ మూల్యం ధనం. ఐదవ చిత్రం ఆరంభంలో కథ 1944లో జరుగుతుంది. ఆ దృశ్యాల కొరకు, సంస్థ భద్రపరచిన ఫోర్డ్ పాత చిత్రాల ప్రతులను కంప్యూటర్ సాయంతో పరిశీలించి, ఎనుబదేండ్లకు సమీపించిన నటుని ముఖంపై మధ్యవయస్సును తిరిగి ప్రతిష్ఠించినారు. ముఖాన్ని మార్చగలిగినారు గాని, కంఠస్వరంలోని, నడకలోని వృద్ధాప్యాన్ని పూర్తిగా దాచలేకపోయినారు. 1989 తరువాత నాలుగైదేండ్లలో చిత్రం తీసి ఉన్నచో ఉచితంగా లభించెడి యౌవనాన్ని ఇప్పుడు కోట్ల డాలర్లతో కొనవలసి వచ్చినది. చిత్ర నిర్మాణానికి సుమారు 30 కోట్ల డాలర్లు వ్యయం కాగా, ప్రపంచమంతటా వసూలైనది సుమారు 38 కోట్లు. అందులో సినిమాశాలల వాటా పోగా నిర్మాతకు నష్టమే మిగిలినది. నాల్గవ చిత్రం సుమారు 79 కోట్ల డాలర్లు వసూలు చేసిన సంగతితో పోల్చినచో తేడా స్పష్టం. పందొమ్మిదేండ్లు కాచుకొన్న తరం మొదటిసారి తరలివచ్చినది. రెండవ నిరీక్షణ నాటికి యువకులకు ఆ టోపీ, కొరడా తండ్రులు చెప్పిన కథలైనవి.

కాలం ఎంత గడచినదో తెలుపు దృశ్యమొకటి 2023 మార్చిలో ఆస్కార్ సభలో కనిపించినది. రెండవ చిత్రంలో పన్నెండేండ్ల బాలునిగా నటించిన కీ హుయ్ క్వాన్ ఆనాడు ఉత్తమ సహాయ నటుడైనాడు. ఉత్తమ చిత్రాన్ని ప్రకటించినవాడు హారిసన్ ఫోర్డ్. ఆ బహుమతి కూడ క్వాన్ నటించిన చిత్రానికే దక్కినది. వేదికపై ఇరువురూ ఆలింగనం చేసుకొన్నారు. బాలుడు ఏబదేండ్లు దాటిన నటుడైనాడు. నాయకుడు ఎనుబదేండ్ల పెద్దయైనాడు.

నిరీక్షణ గుణాన్ని పెంచునా?

ఆలస్యమైనను మంచిదే వచ్చునను నమ్మకం లోకంలో కలదు. మన సాహిత్యంలో అందుకు నిదర్శనం లేకపోలేదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయ ఆంధ్ర మహాభారతాన్ని అరణ్యపర్వం నడుమ విడిచినాడు. పదుమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి సాగించినాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించి, నన్నయ పోషకుడైన రాజరాజనరేంద్రునికే అంకితం చేసినాడు. ఉర్దూ పాఠకులకు 'తిలిస్మె హోష్‌రుబా' సంగతి తెలిసినదే. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం ప్రకటించిన ఆ బృహత్కథలో మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ వ్రాయగా, మిగిలినవి అహ్మద్ హుసేన్ కమర్ వ్రాసినాడు. చేతులు మారినను కథలు నిలిచినవి.

కాని ఆ కథలు అక్షరాలలో ఉన్నవి. భీమునికి, అమర్ అయ్యారుకు వయస్సు లేదు; ఒక కవి విడిచినచోట మరొక కవి అందుకొనవచ్చును. సినిమా అట్లు కాదు. అది ఒక మనిషి ముఖాన్ని, కండబలాన్ని, గొంతును ఆశ్రయించి ఉన్న కళ. అందువలన నిరీక్షణ గ్రంథాన్ని బాధింపకపోవచ్చు గాని, సినిమాను తప్పక బాధించును. పందొమ్మిదేండ్ల తర్జనభర్జనల అనంతరం వచ్చిన నాల్గవ చిత్రం, ఐదేండ్లలో వచ్చిన మూడవదానిని మించినదని చెప్పువారు అరుదు. గడచిన కాలమంతా కథను మెరుగుపరచుటకే వినియోగపడలేదు. అధికభాగం అంగీకారం కొరకు వేచియుండుటలోనే వ్యయమైనది.

ఏ సంఘమైనను, సమితియైనను ఈ అనుభవాన్ని ఆలోచింపవచ్చును. సభ్యులందరి సమ్మతి మేలైన నియమమే. అది తొందరపాటును నివారించును. అయితే ఆ నియమానికి తోడు ఒక గడువు కూడ ఉండవలెను. స్పీల్‌బర్గ్ మూడు చిత్రాలకు మాట ఇచ్చినాడు. ఆ మూడును వచ్చినవి. నాల్గవదానికి ముగ్గురి ఇష్టం మాత్రమే ఆధారమైనది. అందుచేత అది పందొమ్మిదేండ్లు ఆగినది. ఇంతకంటె ఈ చిత్రమాల చరిత్ర వేరే పాఠం చెప్పుట లేదు.

విద్యార్థులు ఈ ఐదు చిత్రాలను చూచునపుడు విడుదలైన వరుసలోనే, సంవత్సరాలను జ్ఞాపకముంచుకొని చూడవలెనని నా మనవి. తెరపై కథానాయకుడు వెదకునది మందసమో, పాత్రయో, కపాలమో కావచ్చును. ఆ చిత్రాలను తీసినవారు మాత్రం మొదట చేతిలో ఉండి, తరువాత జారిపోయిన దానిని వెదకినారు. అది కాలం. దానిని ఏ ఇసుక దిబ్బ త్రవ్వినను, ఏ గుహలో దూరినను మరల పొందుట సాధ్యం కాదు.